ఇల్లు ఖాళీ చేస్తున్నారా? అడ్వాన్సు తిరిగి చేతికి రావాలంటే ఇలా చేయండి

అడ్వాన్సు ఎగ్గొట్టాలని మొదటి నుంచీ అనుకునే ఓనర్లు తక్కువే. మీరిచ్చిన డబ్బు ఇప్పుడు ఆయన దగ్గర లేకపోవడమే ఎక్కువసార్లు అసలు చిక్కు. మీరు ఇంట్లో దిగిన నెలలోనే అది ముందున్నవాళ్ల అడ్వాన్సు తీర్చడానికో, పై అంతస్తు స్లాబుకో, పిల్లల ఫీజుకో వెళ్లిపోయి ఉంటుంది. అందుకే ఖాళీ చేస్తున్నామనగానే ‘కొత్తవాళ్లు దిగగానే ఇచ్చేస్తాలెండి’ అనే మాట వస్తుంది. గోడ మీద మరకలు, ఊడిన గొళ్లాలు ఆ తర్వాత, ఆలస్యానికి సాకుగా బయటికొస్తాయి.

ఈ సంగతి తెలిస్తే చేయాల్సింది తేటగా కనిపిస్తుంది. డబ్బు సర్దుకోవడానికి ఓనరుకు తగినంత వ్యవధి ఇవ్వాలి. తాళాలు, డబ్బు ఒకే పూట చేతులు మారేలా చూసుకోవాలి. తాళాలు ఇచ్చేసి సామాను లారీ కదిలాక మీ దగ్గర మిగిలేది ఓనరు ఫోన్ నంబరు ఒక్కటే.

హైదరాబాద్‌లో మామూలుగా రెండు మూడు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుంటారు. బెంగళూరులో పది నెలల అద్దె తీసుకునే అలవాటు చాలాకాలం సాగింది, ఇప్పటికీ ఐదారు నెలలు అడిగే ఇళ్లు చాలా ఉన్నాయి. మొత్తం ఎంత పెద్దదైతే ఈ పనులు అంత ముందుగా మొదలుపెట్టాలి. నోటీసు గడువు అంతకన్నా ఎక్కువ లేకపోతే రెండు నెలల అడ్వాన్సుకు నెలన్నర చాలు. లక్ష దాటితే రెండున్నర నెలల ముందే కదలండి.

ముందు కాగితాలు, ఫోను వెతకండి

అగ్రిమెంటు తీసి నాలుగు విషయాలు చూడండి: నోటీసు ఎన్ని నెలలు, ఇన్నాళ్లు తప్పనిసరిగా ఉండాలన్న షరతు ఏమైనా ఉందా, రంగులకు ఎంత కోస్తామని రాశారు, అడ్వాన్సు ఎప్పటిలోగా తిరిగిస్తామన్నారు. చివరిది చాలా అగ్రిమెంట్లలో ఉండదు. ఉంటే అదే మీ బలం, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో గడువు దాటి, మళ్లీ రాసుకోకుండా అలాగే ఉంటున్నవారు ఎంతోమంది. అంతమాత్రాన అడ్వాన్సు మీద హక్కు పోదు. ఒప్పందంలో వేరే మాట లేని నెలవారీ అద్దె ఇంటికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 15 రోజుల నోటీసు చాలంటుంది. అయినా పాత అగ్రిమెంటులో ఉన్న నెల లేదా రెండు నెలల గడువునే పాటించండి. గొడవకు చోటివ్వకపోవడమే మేలు.

తర్వాత డబ్బు ఇచ్చిన రుజువు. బ్యాంకు యాప్‌లో ఆ తేదీ స్టేట్‌మెంటు పీడీఎఫ్‌గా దించుకోండి. యూపీఐ యాప్ చరిత్ర సరిపోదు, ఫోన్ మారితే కనిపించకపోవచ్చు. టోకెన్‌గా ఇచ్చిన ఐదు వేలో పది వేలో అడ్వాన్సులో భాగమైతే ఆ ఎంట్రీ కూడా తీయండి, లెక్కలో తరచూ జారిపోయేది అదే. నగదుగా ఇచ్చి రసీదు తీసుకోకపోతే ఇప్పుడే, గొడవ లేని సమయంలోనే, మాటల్లో మాటగా వాట్సాప్‌లో అడగండి: ‘సార్, మేం ఇచ్చిన అడ్వాన్సు 66,000 కదా, మా లెక్కలో రాసుకుంటున్నాం.’ ‘అవును’ అన్న ఒక్క జవాబు తర్వాత మీకు రసీదులా పనికొస్తుంది.

మూడోది ఇంట్లో దిగిన రోజు ఫొటోలు. ప్రత్యేకంగా తీయకపోయినా దొరుకుతాయి. పాలు పొంగించిన రోజు ఫొటోల్లో వంటింటి గట్టు, టైల్సు కనిపిస్తాయి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లకు పంపిన వీడియోలో గోడల రంగు, అప్పటికే ఉన్న పగుళ్లు పడి ఉంటాయి. ఫోన్ గ్యాలరీలో ఆ తేదీకి వెళ్లి అన్నీ ఒక ఫోల్డరులో వేయండి. మధ్యలో ‘బాత్రూం గోడ చెమ్మ వస్తోంది సార్’ అని పంపిన మెసేజీలు, వాటికి వచ్చిన జవాబులు ఉంటే వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఈమెయిలుకు పంపుకోండి.

నోటీసు: రాతలో, నెల మొదలయ్యేలోపే

నోటిమాటతో చెప్పి వదిలేస్తే ‘మీరు చెప్పింది 10న కదా, నెల లెక్క 1 నుంచి’ అంటారు. రెండు నెలల నోటీసు ఉన్నచోట ఈ పది రోజుల తేడాకు ఒక నెల అద్దె పోతుంది. కాబట్టి ముందు ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి, అదే రోజు వాట్సాప్‌లోనూ ఈమెయిలులోనూ పంపండి. తేదీ నెలాఖరుకు ముందుండాలి. ఇలా రాస్తే సరిపోతుంది:

‘నమస్కారం సార్. ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు, ఫ్లాట్ నంబరు 302ను జూన్ 30న ఖాళీ చేస్తున్నాం. అగ్రిమెంటు ప్రకారం రెండు నెలల నోటీసుగా దీన్ని తీసుకోగలరు. మే, జూన్ అద్దె, కరెంటు బిల్లు సమయానికి కట్టేస్తాం. జూన్ 15 ప్రాంతంలో మీకు వీలున్న రోజు ఇల్లు ఒకసారి కలిసి చూద్దాం. మరమ్మతులేమైనా ఉంటే మేం ఉండగానే చేయిస్తాం. తాళాలు అప్పగించే రోజునే అడ్వాన్సు 66,000 లెక్క చూసుకునేలా ఏర్పాటు చేసుకోగలరు. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లను శని, ఆదివారాల్లో పంపండి, చూపిస్తాం.’

చివరి వాక్యాన్ని తీసేయకండి. ఓనరుకు డబ్బు వచ్చేది కొత్తగా దిగేవాళ్ల దగ్గరి నుంచే కాబట్టి, ఇల్లు ఎంత త్వరగా కుదిరితే మీకు అంత మేలు. టులెట్ బోర్డు పెట్టనివ్వండి. సింకులో గిన్నెలు, మంచం మీద బట్టల కుప్ప లేకుండా చూసి ఇల్లు చూపించండి. తెలిసినవాళ్లకు ఇల్లు కావాలంటే మీరే కుదర్చండి.

తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఆషాఢంలో, ఇతర శూన్యమాసాల్లో కొత్త ఇంట్లో దిగేవాళ్లు తక్కువ. అప్పుడు ఖాళీ చేస్తే ఇల్లు నెలా రెండు నెలలు ఖాళీగా ఉండొచ్చు, ఓనరు చేతికి కొత్త అడ్వాన్సు రాదు. అలాంటి నెలల్లో ఖాళీ చేయక తప్పకపోతే డబ్బు మాట ఇంకా ముందే ఎత్తాలి. తాళాలిచ్చే రోజు శుక్రవారం, మంగళవారం కాకుండా చూసుకోండి. ఆ రోజుల్లో, దీపాలు పెట్టిన తర్వాత కూడా, చేతి నుంచి డబ్బు ఇవ్వనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ‘రేపు వేస్తాను’ అన్నది అక్కడి నుంచే మొదలవుతుంది. బుధవారమో గురువారమో ఉదయం పూట పెట్టుకుంటే ఆ సాకు ఉండదు.

ఆఖరు నెల అద్దెను అడ్వాన్సులో సర్దుకోవచ్చా?

చెప్పకుండా అద్దె ఆపేయకండి. ఆపితే మీరు బాకీదారు అవుతారు, ఆ తర్వాత ప్రతి మాటా మీ మీదికే వస్తుంది. అయితే అడిగి, ఒప్పించి, రాతలో పెట్టుకుని సర్దుకోవడం చాలా మంచి పద్ధతి. ఓనరు కొత్తగా డబ్బు తేవాల్సిన అవసరం తగ్గుతుంది.

మొత్తం సర్దేయమంటే ఆయన ఒప్పుకోరు. కరెంటు బిల్లుకు, విరిగినవాటికి చేతిలో ఏమీ మిగలదని భయం, అది న్యాయమైన భయమే. మూడు నెలల అడ్వాన్సు ఉంటే ఆఖరు నెల ఒక్కటి సర్దమనండి, రెండు నెలలది ఆయన దగ్గరే ఉంటుంది. రెండు నెలల అడ్వాన్సైతే ఒకటి సర్ది ఒకటి ఉంచమనండి. బెంగళూరులో పెద్ద మొత్తం ఉన్నప్పుడు ఆఖరు రెండు నెలలు సర్దుకుని, మిగిలినదాంట్లో సగం కొత్త ఇంటి అడ్వాన్సు కట్టే ముందు, సగం తాళాల రోజున అని అడగొచ్చు. ఓనరు ‘సరే’ అంటే ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టండి: ‘మీరన్నట్టు జూన్ అద్దె 22,000 అడ్వాన్సులో సర్దుతున్నాం, మిగిలేది 44,000.’

పదిహేను రోజుల ముందు ఇల్లు కలిసి చూడండి

ఆఖరు రోజు సామాను తీశాక దాని వెనక గోడల మీది మరకలు బయటపడితే బేరమాడటానికి సమయం ఉండదు. అందుకే ఈ ముందుచూపు. ఓనరుతో ఒక్కో గది తిరుగుతూ ఆయన చెప్పిన ప్రతిదీ ఫోన్‌లో రాసుకోండి, చివర్లో ఆ జాబితా ఆయనకే పంపండి. ఆ తర్వాత కొత్తగా ఏదైనా కలిపితే, ముందు చెప్పలేదన్న మాట మీ వైపు నిలుస్తుంది.

ఏది ఎవరి బాధ్యత అన్నదానికి రెండు కొలబద్దలున్నాయి. ఆస్తి బదలాయింపు చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం అద్దెకున్నవారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, కానీ సహజమైన వాడకంతో వచ్చే అరుగుదల అందులోకి రాదు. రెండోది కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని అది చెబుతుంది. ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే, రావాల్సినవి మినహాయించి, మిగతాది తిరిగివ్వాలనీ చెబుతుంది. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకున్నచోటే అమలవుతుంది. కాబట్టి ఓనరు ముందు ‘చట్టం ఇలా ఉంది’ అని గట్టిగా అనకండి. అందులోని రెండో షెడ్యూలు మాత్రం మాట్లాడుకోవడానికి చక్కగా పనికొస్తుంది.

ఆ షెడ్యూలు ప్రకారం గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగులు, కట్టడం మరమ్మతులు, పైపులు మార్చడం, గోడలోపలి వైరింగు ఓనరువి. కుళాయిలు, వాషర్లు, సింకు, కమోడ్, గీజరు మరమ్మతు, స్విచ్చులు, సాకెట్లు, గొళ్లాలు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమల మెష్, డ్రైనేజీ శుభ్రం అద్దెకున్నవారివి. చెమ్మ పూర్తిగా ఓనరు బాధ్యతే. పై ఫ్లాట్ బాత్రూం నుంచి దిగినా, బయటి గోడ పగులు నుంచి వచ్చినా అది కట్టడం లోపం. ఒక్క మినహాయింపు: చెమ్మ కనిపించినా ఏడాదిపాటు చెప్పకుండా ఊరుకుంటే, వార్డ్‌రోబ్ ప్లైవుడ్ ఉబ్బిపోవడంలో మీ తప్పూ ఉందంటారు. ఇప్పటికీ చెప్పకపోతే ఈరోజే ఫొటో తీసి పంపండి.

మరమ్మతు చేయించాల్సింది మీరే అయితే మీ ప్లంబరుతో, మీ ఎలక్ట్రీషియన్‌తో మీరుండగానే చేయించి బిల్లు పెట్టుకోండి. మీరు వెళ్లాక ఓనరు చేయించే అదే పనికి అంచనా ఎప్పుడూ పెద్దదే అవుతుంది.

రంగుల లెక్క

అడ్వాన్సులో అన్నిటికన్నా పెద్ద కోత ఇక్కడే పడుతుంది, కాబట్టి కాస్త నిదానంగా చూడండి.

అగ్రిమెంటులో ‘ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె మినహాయిస్తాం’ అని ఉండి మీరు సంతకం చేసి ఉంటే దాన్ని పూర్తిగా కాదనడం కష్టం. అయితే అది మీకూ ఒక రక్షణ ఇస్తుంది. ఆ నెల అద్దె తీసుకున్నాక మేకుల కన్నాలకు, సోఫా ఆనిన మరకకు, పిల్లల గీతలకు విడిగా డబ్బు అడగకూడదు, గోడలన్నీ ఆ డబ్బుతోనే రంగులవుతాయి కదా. అలాంటప్పుడు పుట్టీ, టచప్ అంటూ మీరు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఏడాది లోపే ఖాళీ చేస్తుంటే, దిగేటప్పుడు కొత్త రంగులు వేయకపోయి ఉంటే, సగానికి అడగండి. దిగిన రోజు ఫొటోలు ఇక్కడే అక్కరకొస్తాయి.

అలాంటి షరతు లేకపోతే, వెలిసిన రంగుకు మీరు డబ్బు ఇవ్వనక్కర్లేదు. మీ వల్ల పాడైన గోడకు మాత్రమే, అదీ ఆ రంగు వయసు తీసేసి ఇవ్వాలి. ఉదాహరణకు హాల్లో ఒక గోడ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. దాని మీద క్రేయాన్ గీతలున్నాయి. మీరు మాట్లాడుకోవాల్సింది ఆ 120 చదరపు అడుగుల గురించే, మొత్తం ఇంటి గురించి కాదు. గీతలున్నంత మేర మాత్రమే పూస్తే అతుకులా కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క గోడ మూల నుంచి మూల దాకా వేయించడం న్యాయం. రంగు వేసి ఇప్పటికే మూడేళ్లయి, ఓనరు ఐదేళ్లకోసారి రంగులు వేయిస్తానంటే, ఆ గోడ ఖర్చులో మీ వంతు ఐదో వంతులు రెండు. పెయింటరు ఇచ్చిన చదరపు అడుగు ధర అడిగి, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. కోపంగా మొదలైన మాట కూడా అంకెలు కనిపించగానే మెత్తబడుతుంది.

మీరే చేసుకోగల పనులు

ఇల్లు మెరుస్తూ కనిపిస్తే సగం కోతలు మాటలోకే రావు. సామాను తీశాక కనీసం ఒక పూర్తి రోజు ఈ పనికి ఉంచుకోండి. మంచి ముహూర్తం చూసి కొత్త ఇంట్లో నాలుగు రోజుల ముందే పాలు పొంగిస్తే, పాత ఇంట్లో మిగిలిన ఆ నాలుగు రోజులూ ఇందుకు వాడుకోవచ్చు.

మేకుల కన్నాలు: ముందు మేకును, ప్లాస్టిక్ ప్లగ్గును బయటికి లాగండి. లోపల వదిలేసి పైన పూస్తే నెలలో ఊడుతుంది. చిన్న కన్నానికి వాల్ పుట్టీ చాలు. టీవీ స్టాండు బోల్టులకు వేసిన 8, 10 మిల్లీమీటర్ల కన్నాలను ముందు వైట్ సిమెంటుతో నింపి ఆరనిచ్చి, పైన పుట్టీ రెండుసార్లు వేయండి. ఆరేటప్పుడు పుట్టీ కుంచించుకుపోయి గుంట పడుతుంది, అందుకే రెండుసార్లు. పూర్తిగా ఆరాక 180 నంబరు ఎమరీ కాగితంతో రుద్దండి. రంగు షేడు నంబరు ఓనరును అడిగి తెలుసుకుంటేనే టచప్ చేయండి. కంటికి దగ్గరగా ఉన్న తెలుపు వేస్తే కన్నం కన్నా ఆ మచ్చే ఎక్కువ కొడుతుంది. క్రేయాన్ గీతల మీద నేరుగా రంగు వేస్తే మైనం దాన్ని అంటనివ్వదు. రుద్ది, సబ్బు నీళ్లతో తుడిచి, ప్రైమరు వేసి, ఆ తర్వాతే రంగు.

బోరు నీళ్ల గార: హైదరాబాద్ బాత్రూముల్లో కుళాయిలు, షవరు, గాజు తలుపు మీద తెల్లగా పేరుకునేది ఇదే. లీటరు గోరువెచ్చని నీళ్లలో మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి, పాత బ్రష్‌తో రుద్ది కడిగేయండి. సిరామిక్ టైల్సుకూ ఇదే సరిపోతుంది. మార్బుల్ మీద, తాండూరు, షాబాదు బండల మీద మాత్రం నిమ్మ ఉప్పు గానీ బాత్రూం యాసిడ్ గానీ పడనివ్వకండి. అవి సున్నపు జాతి రాళ్లు, యాసిడ్ తగలగానే మెరుపు పోయి గరుకుగా తెల్లటి మచ్చ పడుతుంది, అది మళ్లీ పాలిష్ పట్టిస్తే గానీ పోదు. కుళాయిల క్రోమ్ పూతనూ బాత్రూం యాసిడ్ తినేస్తుంది. ఇంకొక మాట, ప్రాణానికి సంబంధించింది: బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఎన్నడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న బాత్రూంలో అది ఊపిరి తీయగలదు.

వంటింట్లో స్టవ్ వెనక టైల్సు, చిమ్నీ ఫిల్టరు, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలు చూస్తారు. స్టీలు ఫిల్టరును వేడినీళ్లలో వాషింగ్ సోడా వేసి గంట నానబెట్టండి. అల్యూమినియం జాలీ అయితే సోడా వద్దు, నల్లబడుతుంది, గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. దేవుడి గది పైకప్పుకు పట్టిన దీపం మసిని ముందు పొడి గుడ్డతో దులిపి, తర్వాతే తడిగుడ్డ పెట్టండి, తిప్పి చేస్తే మసి పాకుతుంది. ఏసీ మీ సొంతమైతే విప్పే ముందు గ్యాసును బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూయమని టెక్నీషియన్‌కు చెప్పండి, గోడ కన్నాన్ని కూడా అదే రోజు మూయించండి. మీరు పెట్టించిన ఫ్యాన్లు, గీజరు, కర్టెన్ రాడ్లు తీసుకెళ్లే హక్కు మీకుంది, తీసినచోట ముందున్నట్టు సరిచేయాలి. ఈ పని మీరు ఇంట్లో ఉండగానే చేయాలి, తాళాలిచ్చాక కుదరదు.

కరెంటు, మెయింటెనెన్స్

ఆఖరు రోజు మీటరు రీడింగు ఫొటో తీయండి. డిజిటల్ మీటరు తెర ఒక్కో అంకెనూ మార్చి మార్చి చూపిస్తుంది, పక్కన కేడబ్ల్యూహెచ్ అని కనిపించే అంకె వచ్చేదాకా ఆగండి. గత బిల్లు రీడింగును అందులోంచి తీసేస్తే మీరు వాడిన యూనిట్లు వస్తాయి. శ్లాబుల ప్రకారం లెక్క వేసుకుని ఆ మొత్తం ఇచ్చేస్తే ‘బిల్లు రానీ, అప్పుడు చూద్దాం’ అన్న మాటకు చోటుండదు.

మధ్యలో బిల్లులో ఏసీడీ పేరుతో అదనంగా కట్టారేమో పాత బిల్లులు తిరగేయండి. అది వాడకం చార్జీ కాదు, అడిషనల్ కన్సంప్షన్ డిపాజిట్. మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది కాబట్టి ఆ డబ్బు ఆయన ఖాతాలోనే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర ఉంటుంది. మీరు కట్టి ఉంటే అడ్వాన్సుతో పాటు తిరిగి అడగాల్సిన మొత్తం అది. ఆంధ్రప్రదేశ్‌లో ట్రూఅప్ చార్జీలు వెనకటి నెలల వాడకానికి తర్వాత పడుతుంటాయి. ఆ పేరుతో ఓనరు కొంత ఆపుకుంటే మొత్తమూ తేదీ రాయించుకోండి. కర్ణాటకలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతికి మీ ఆధార్ ఆ ఇంటి కనెక్షన్‌కు జోడించి ఉంటే విడదీయించుకోండి, కొత్త ఇంట్లో మళ్లీ కావాలంటే అది తప్పదు.

అపార్ట్‌మెంటైతే అసోసియేషన్ దగ్గర బాకీ లేదన్న మెసేజ్, సామాను బయటికి తీసుకెళ్లే అనుమతి రెండు రోజుల ముందే తీసుకోండి. కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో ఖాళీ చేసేటప్పుడు విడిగా చార్జీ వసూలు చేస్తారు, లిఫ్టు వాడే సమయమూ ముందే రాయించుకోవాలి. పైపు గ్యాస్ ఉంటే దాని మీటరు ఫొటో కూడా కావాలి.

తాళాలిచ్చే రోజు

అద్దె కట్టిన గడువుకు మూడు నాలుగు రోజుల ముందే ఈ రోజును పెట్టుకోండి. డబ్బు ఆలస్యమైతే ఆ మిగిలిన రోజులు మీవి, తాళాలు న్యాయంగా మీ దగ్గర ఉంచుకోవచ్చు. గడువు దాటాక తాళాలు పట్టుకుని కూర్చోవడం మాత్రం సరికాదు. అద్దె పెరుగుతూ పోతుంది, నమూనా చట్టమైతే గడువు దాటి ఉన్నవారి నుంచి మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె అడగొచ్చంటుంది.

మీ బ్యాంకు ఖాతా వివరాలు వారం ముందే పంపి, ఓనరును ఆయన యాప్‌లో జోడించుకోమనండి. కొత్తగా జోడించిన ఖాతాకు మొదటి రోజు పెద్ద మొత్తం వెళ్లనివ్వని బ్యాంకులు ఉన్నాయి. మామూలు యూపీఐలో రోజుకు లక్ష దాటదు. అంతకన్నా ఎక్కువైతే ఐఎంపీఎస్ లేదా నెఫ్ట్.

ఖాళీ ఇంట్లో తలుపు దగ్గర మొదలుపెట్టి ఆపకుండా ఒక వీడియో తీయండి. ప్రతి గది, ప్రతి కుళాయి తిప్పి, ప్రతి స్విచ్చు వేసి, కప్‌బోర్డులు తెరిచి, మీటరు దగ్గర ముగించండి. తర్వాత ఒక కాగితం రెండు ప్రతులు రాసి ఇద్దరూ సంతకం చేయండి. అందులో తేదీ, అప్పగించిన తాళాల సంఖ్య, గేటు కార్డులు, పార్కింగ్ స్టిక్కరు, మీటరు రీడింగు, ఆ కింద లెక్క:

అడ్వాన్సు 66,000. జూన్ అద్దెకు సర్దినది 22,000. కరెంటు 1,350. వంటింటి కుళాయి 650. ఇవ్వాల్సినది 42,000. ‘ఇంటిని చూసుకుని స్వాధీనం చేసుకున్నాను, ఇక ఎలాంటి బాకీలూ లేవు’ అన్న వాక్యం ఓనరు సంతకం పైన ఉండాలి.

ఫోన్‌కు డబ్బు పడ్డ మెసేజ్ వచ్చాక తాళాలివ్వండి. ఆ రోజు నిజంగానే పూర్తి డబ్బు లేదంటే ఉన్నంత తీసుకుని, మిగతాదానికి తేదీ వేసిన చెక్కు అడగండి. చెక్కు వెనక్కి వస్తే చట్టం మీ వైపు గట్టిగా ఉంటుంది. చెక్కు చెల్లలేదన్న బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, ఆ నోటీసు అందిన 15 రోజుల్లో ఆయన చెల్లించకపోతే ఆపై నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయొచ్చు. చెక్కు గడువు మూడు నెలలే కాబట్టి తేదీ దాటనివ్వకండి. చెక్కూ ఇవ్వనంటే, ఎంత, ఏ తేదీకి ఇస్తారన్నది ఆ కాగితం మీదే రాయించండి.

కొన్ని ప్రత్యేక చిక్కులు

ఓనరు అమెరికాలో ఉండి, ఆయన నాన్నగారో బావమరిదో ఇల్లు చూసుకుంటుంటే, అడ్వాన్సు ఎవరి ఖాతాలో వేశారో చూడండి. అగ్రిమెంటులో పేరున్నవారే బాధ్యులు, కాబట్టి నోటీసు ఇద్దరికీ పంపండి. ‘అబ్బాయితో మాట్లాడాలి’ అన్న ఆలస్యం తప్పించడానికి వాళ్లిద్దరూ మీరూ ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటి చేస్తే మంచిది. విదేశాల్లో ఉన్న ఓనరుకు కట్టే అద్దెలో టీడీఎస్ (ఆయన తరఫున ముందే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) కోయాల్సిన బాధ్యత మీదే. ఇక్కడున్న ఓనరుకైతే నెలకు 50,000 దాటినప్పుడు 2 శాతం కోయాలి. ఈ లెక్క ఖాళీ చేసే నెలలోనే తేల్చుకోండి.

మధ్యలో ఇల్లు అమ్మితే అడ్వాన్సు పాత ఓనరు ఇస్తారా, కొత్త ఓనరా అన్నది ముగ్గురి మధ్య రాతలో ఉండాలి. కొత్త ఓనరుకు మొదటి అద్దె వేసే ముందే అడగండి, ఆ తర్వాత ఎవరూ ఆసక్తి చూపరు.

రూమ్మేట్లు కలిసి ఇచ్చిన అడ్వాన్సులో ఒక్కరే వెళ్తుంటే, వచ్చే కొత్త మనిషి ఆ వాటాను వెళ్లేవారికి ఇచ్చి, ఆ సంగతి ఓనరుకు మెసేజ్‌లో తెలపాలి. లేకపోతే ఆఖర్న ఖాళీ చేసేవారి చేతికి మొత్తం వస్తుంది, పంపకం మీ మధ్య గొడవవుతుంది.

అయినా ఇవ్వకపోతే

వారం ఆగండి. మొదటి మెసేజ్ మర్యాదగా, మొత్తంతో, ఒక తేదీతో ఉండాలి. కోతలు చెబితే ప్రతిదానికీ బిల్లు అడగండి. బిల్లు లేని అంచనాను ఒప్పుకున్నట్టు ఎక్కడా రాయకండి. కొంత డబ్బు పంపితే తీసుకోండి, కానీ ‘ఇది పూర్తి చెల్లింపు కాదు, ఇంకా ఇంత రావాలి’ అని వెంటనే బదులివ్వండి.

అప్పటికీ కదలకపోతే లాయరు ద్వారా 15 రోజుల గడువుతో నోటీసు, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో. రిజిస్టర్డ్ పోస్టు సేవ ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. నోటీసులో అసలు, ఆలస్యానికి వడ్డీ రెండూ అడగండి. ఎక్కువ మంది ఓనర్లు ఇక్కడే ఫోన్ చేస్తారు. పోలీసులు దీన్ని సివిల్ తగాదా అంటారు, బెదిరించడమో సామాను ఆపడమో జరిగితే తప్ప స్టేషన్ చుట్టూ తిరిగి లాభం లేదు. వినియోగదారుల కమిషన్ కూడా సాధారణ అద్దె తగాదాలకు చోటు కాదు.

ముప్పై నలభై వేల కోసం కోర్టుకెక్కడం భారమనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది, హెల్ప్‌లైన్ 15100. కేసు వేయకముందే తగాదాను లోక్ అదాలత్‌కు పంపమని తెల్లకాగితం మీద అర్జీ రాసి, బ్యాంకు స్టేట్‌మెంటు, మెసేజీలు, ఫొటోలు జత చేస్తే చాలు. కోర్టు ఫీజు ఉండదు. ఓనరుకు అక్కడి నుంచే పిలుపు వెళ్తుంది. రాజీ కుదిరితే అక్కడిచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. రాజీ కుదరకపోతే సివిల్ దావా. దానికి మూడేళ్ల గడువుంది, ఫోన్లో వాయిదాలు వింటూ ఆ గడువు దాటనివ్వకండి.